పెద్దమ్మ తొలిముద్ద

పై వాటాలోంచి ఎండుమిరపకాయలు కాల్చిన ఘాటు కిందికి దిగివచ్చింది. దాని వెంటనే చింతపండు రసం, నలిపిన ఉల్లిగడ్డ, కొత్తిమీర. పచ్చిపులుసు వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం గుండె ఒక్క లిప్త నిలిచి, ఆ తరువాత దారి తప్పినట్లు పరుగెడుతుంది. డెబ్బై దాటిన ఈ వయస్సులోనూ అంతే. పట్టుకున్న కలం అట్లాగే పట్టుకొని, మెట్లవైపు చూస్తూ ఉండిపోయాను. సూర్యాపేటలోని మా ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటున్న సౌమ్య భర్త మంచుకొండల సరిహద్దులో సిపాయి. కొన్ని దినాలుగా అతని ఫోను పలకడం లేదు. మంచు దట్టమైతే అక్కడ ఫోన్లు అందవని ఆ పిల్లకు తెలుసు, నాకు తెలుసు, సగం జీవితం సైన్యంలో గడిపివచ్చిన నా భర్తకు మరింత బాగా తెలుసు. తెలిసినంతమాత్రాన భయం తగ్గుతుందని చెప్పేవారు ఎన్నడూ ఎవరికోసమూ ఎదురుచూసి ఉండరు.

ఊళ్లోని విశ్రాంత సైనికులు ఈ ఏడు తమకంటె ముందే వెళ్లిపోయిన భార్యలను స్మరించుకోవాలని తలపెట్టారు. యుద్ధంలో పోయినవారికి దండలు వేస్తాము సరే, ఇళ్లలో కూర్చుండి యుద్ధం చేసినవారి మాటేమిటని ఎవరో అడిగారట. ఒక్కొక్కరిని గురించి ఎరిగినవారు రాసి ఇవ్వాలన్నారు. సుబేదారు లింగయ్యగారి భార్య సోమనర్సమ్మ నా పాలికి వచ్చింది. రాయడానికి కూర్చున్న పూటనే ఈ వాసన రావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆమెను గురించి మొదలుపెట్టవలసినది ఇక్కడినుంచే.

నేను ఆమె ఇంటికి చేరేనాటికి నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. అత్తవారిది ఆత్మకూరు. భర్త సైన్యంలో ఉన్నందున, పండిత పరీక్షకు చదువుకొనేందుకు నన్ను సూర్యాపేటలో ఉంచారు. సోమనర్సమ్మ ఇంటి వెనుక వాకిలిచుట్టూ మూడు గదులుండేవి. వాటిని ఆమె సిపాయిల భార్యలకు తప్ప మరెవరికీ ఇచ్చేది కాదు. ఎక్కువ కిరాయి ఇస్తామని వచ్చినవారిని సైతం వాకిట్లోనుంచే పంపించేది. "వేరేటోళ్లొస్తే నవ్వుకుంట తిరుగుతరు. మన గోస ఆళ్లకేం తెలుస్తది?" అనేది. ఒక గదిలో కోదాడ నుంచి వచ్చిన యశోద, మరొక గదిలో మిర్యాలగూడ పిల్ల రూతమ్మ, మూడవదానిలో నేను. ముగ్గురమూ ఆమెను పెద్దమ్మా అనేవాళ్లం. ఆమెకు అప్పటికి నలభై కూడా లేవు. కాని ఆ ఇంట్లో అంతకుమించిన వయస్సు ఎవరికో ఒకరికి ఉండి తీరాలి. దానిని ఆమె తన మీద వేసుకున్నది.

ఆ చలికాలంలో యుద్ధం వచ్చింది. మా నలుగురి భర్తలూ సరిహద్దులోనే ఉన్నారు. మా నాయనగారు నాకు చిన్ననాడే ప్రబంధాలు చెప్పారు. విరహిణుల మీది పద్యాలు ఎన్నో కంఠస్థం. వాటిలో చందురుడు కాలుస్తాడు, పిల్లగాలి వేధిస్తుంది, చెలికత్తెలు తామరాకులతో వీస్తారు. మా వాకిట్లో చందురునివైపు చూసే తీరిక ఎవరికీ లేదు. మమ్మల్ని వేధించినది టపా బంట్రోతు సైకిలు గంట ఒక్కటే. అది వీధి మలుపులో మోగగానే యశోద రుబ్బురోలు దగ్గర చేయి ఆపేది, రూతమ్మ పెదవులు కదిలిస్తూ ప్రార్థన మొదలుపెట్టేది, నేను చదువుతున్న పద్యంలో ఏ పాదం దగ్గర ఉన్నానో మరచిపోయేదాన్ని. గంట మా ఇల్లు దాటిపోయిన తరువాత నలుగురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవాళ్లం కాదు. మా ఊపిరి తిరిగివచ్చిందంటే ఆ గంట మరొక ఇంటి గడపకు పోయిందని అర్థం గదా.

పెద్దమ్మకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. తెల్లవారుతూనే, వాకిలి ఊడవకముందే, సద్ది తినేది. యశోద ఒకనాడు ఆటపట్టించింది.

"ఏంటి పెద్దమ్మా, కోడి కూయకముందే కుండ ఖాళీ చేస్తున్నారు? రాత్రి ఆకలితో పడుకున్నారా?"

"టపాలోడొచ్చేటి యాల్లకు నేను తినుండాలెనే," అన్నది పెద్దమ్మ ముద్ద మింగుతూ. "ఒట్టి కడుపుతోటి వాని ముంగట నిలవడతనా?"

యశోద నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటకు నిజమైన అర్థం మాకు కొద్దిదినాల తరువాత గాని తెలియలేదు.

ఆనాడు సైకిలు వచ్చింది, గంట మోగలేదు. పెద్దమ్మా నేనూ గడప దగ్గర కూర్చుండి చాటలో బియ్యం ఏరుతున్నాం. బంట్రోతు సైకిలు దిగి, దానిని గోడకు ఆనించడానికి అవసరమైన దానికంటె ఎక్కువసేపు తీసుకున్నాడు. "అమ్మా, రూతమ్మ పేరు మీద తార్ ఒచ్చింది. మంచిది గాదు," అన్నాడు నేలవైపు చూస్తూ. పెద్దమ్మ ఆ టెలిగ్రాము కాగితాన్ని తీసుకొని నడుముకు చెక్కుకున్నది. "నువ్వు పో. ఈ వాడకట్టుల ఎవలికీ చెప్పకు," అని అతన్ని పంపి, నావైపు తిరిగింది. "లేసి ముఖం కడుక్కో పో. గా ముఖంతోటి దాని ముంగట కూసున్నవంటే నేనూకోను."

ఆపైన ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి, మిరపకాయలు కాల్చి, పచ్చిపులుసు కలిపింది. అన్నం వేడిగా వండి వార్చింది. బట్టలుతికి అప్పుడే వచ్చిన రూతమ్మను పిలిచింది.

"రూతా, తిన్నవా బిడ్డా?"

"యాడ తిన్న పెద్దమ్మా, ఇంక ఎసరు గూడ పెట్టలే."

"పెట్టకు. గీడ కూసో. జర తిను."

రూతమ్మ కూర్చున్నది. మేమంతా కూర్చున్నాం. మొదటి ముద్దకే ఆ పిల్ల మూతి ముడిచింది. "గింత సప్పగున్నదేంది? సుబేదారమ్మ ఇంట్ల ఉప్పు పిరమయిందా?" అని నవ్వింది. "పెట్టింది తినవే ముందు. మళ్లీ పోయమని నువ్వే గిన్నె చాపుతావు," అన్నది యశోద, ఏమీ ఎరుగనిదై. నిజంగానే రూతమ్మ గిన్నె చాపింది. తన భర్తకు పచ్చిపులుసుంటే కూర అక్కరలేదని, సెలవులో వచ్చినప్పుడు పెద్దమ్మ చేతిది తినిపిస్తానని చెబుతూ తిన్నది. పెద్దమ్మ "తినిపిద్దువు తీ" అంటూ మళ్లీ వడ్డించింది. నా ఎదుటి కంచంలోని మెతుకులు నాకు కనబడటం లేదు. ఆ భోజనం ఎంతసేపు జరిగిందో తెలియదు. అది ముగియకూడదని మాత్రం కోరుకున్నాను. రూతమ్మ లేచి వాకిట్లో చేయి చాపింది. పెద్దమ్మ చెంబుతో నీళ్లు పోసింది. పోసి, ఆ తడి చేతిని గట్టిగా పట్టుకున్నది. రూతమ్మ నవ్వుతూనే విడిపించుకోబోయింది. ఎంగిలి చేయి కడుగుతుంటే ఇదేమి పరాచికమని అనుకున్నట్లుంది.

సాయంత్రానికి మిర్యాలగూడ నుంచి ఆమె పుట్టింటివారు వచ్చి తీసుకొనిపోయారు. మా వాకిట్లో ఏ గదిలోనూ పొయ్యి ముట్టించలేదు. రూతమ్మ చర్చికి పోయే పిల్ల, మేము గుడికి పోయేవాళ్లం. చావు విన్న ఇంట పొయ్యి చల్లబడటం మాత్రం అందరికీ ఒక్కటే.

మరునాడు నేను పెద్దమ్మను నిలదీశాను. "ఆ పిల్ల భర్త పేరు తలచుకొని నవ్వుతుంటే మీరు వడ్డిస్తూ కూర్చున్నారు. అది మోసం కాదా?"

ఆమె కోపగించుకోలేదు. "మా వదినె శనివారమొక్కపొద్దున్న నాడు ఇన్నది మా అన్న సంగతి. ఆయన గూడ మిలిట్రీలనే పాయె. ఒట్టి కడుపుతోటి ఇని, ఇన్నకాడ్నే పడ్డది. మల్ల పొయ్యెవలు ముట్టిస్తరు, నోట్లె ఎవలు వెడ్తరు? మూడొద్దులయినంక పాలు తాపిస్తే గుటక వడలే." కొంతసేపు చాటను ఊరికే చెరిగింది. "వార్త ఆగుతది బిడ్డా. తార్ మీద రాసినంక అది యాడికి పోతది? జరసేపు ఆగుతది. గంతల ఒక బుక్కెడు లోపలికి పోతే, ఏడ్వనీకన్న బలముంటది."

ఆ మాటలోని న్యాయం నాకు అర్థమయింది. అర్థమైన క్షణంనుంచే నాకు కొత్త భయం పట్టుకున్నది.

నా భర్త ఉత్తరాలు ఆగిపోయాయి. రేడియోలో ఏవో ఊళ్ల పేర్లు వినిపించేవి. ఆయన ఎక్కడున్నారో తెలియదు గనుక ప్రతి ఊరిలోనూ ఆయనే ఉన్నట్లు తోచేది. ఒక మధ్యాహ్నం నా గదిలోకి మిరపకాయలు కాల్చిన ఘాటు వచ్చింది. వెనుకనే పెద్దమ్మ, చేతిలో కంచంతో.

"తిన్నవా బిడ్డా? జర తిను. రెండొద్దులసంది సూస్తున్న, ఎండిపోతున్నవ్."

నేను గోడకు అతుక్కున్నాను. "తినను."

"ఏమైంది?"

"తింటే మీరు చెబుతారు."

ఆమె కంచం కింద పెట్టింది. "ఏం చెప్తనే? ఏం రాలే. దేవుని తోడు, ఏం రాలే."

"రూతమ్మకు మాత్రం ముందుగా చెప్పారా, వచ్చిందని?"

నా బుద్ధి అప్పటికే ఒక తర్కాన్ని అల్లుకొని దానిలో కూర్చున్నది. నేను తిననంతవరకు ఈమె తన నియమాన్ని మీరి నోరు తెరవదు. ఈమె నోరు తెరవనంతవరకు నా భర్త బతికి ఉంటాడు. పురాణాలలో ఇల్లాళ్లు భర్త ప్రాణంకోసం యముని వెంట నడిచారు. నేను కంచం ముందు కదలక కూర్చున్నాను. ఆ పూట తినలేదు, రాత్రీ తినలేదు. తెల్లవారి యశోద వచ్చి బతిమాలింది. "పెద్దమ్మ అంత ఒట్టేసి చెప్తుంటే వినవేంటక్కా? నువ్విట్లా పడుంటే రేపు బావగారొచ్చి మా మీదకొస్తారు. ఆయనకేం చెప్పుకోవాలి మేము?" నేను కళ్లు మూసుకున్నాను. బయట గడప మీద పెద్దమ్మ యశోదతో అంటున్న మాట వినిపించింది: "మందని పెడ్తే ఇసమాయె గదనే. ఇగ నా చేతి బువ్వ జూస్తేనే ఈ పోరి సస్తది."

సైకిలు వచ్చే వేళకు ముందుగానే ఆమె మళ్లీ కంచంతో వచ్చింది. ఈసారి నన్ను తినమనలేదు. నా ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చుండి, అన్నం కలిపి, మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకున్నది. నమిలి, నేను చూస్తుండగా మింగింది.

"సూసినవా? నీ పెనిమిటికేమన్న అయిందని నాకు తెలిస్తే, గీ ముద్ద దిగుతదా? రూతమ్మ నాడు నేను తిన్ననా? నువ్వు గాడనే కూసున్నవు గద, చెప్పు."

అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆనాడు ఆమె వడ్డించింది, మళ్లీ వడ్డించింది, నీళ్లు పోసింది. ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు. మాటతో అబద్ధమాడగలదు, నవ్వుతో ఆడగలదు. గొంతుతో ఆడలేకపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె రెండవ ముద్ద తిన్నది, ఆ తరువాతిదీ తిన్నది. పొద్దున తిన్న సద్ది ఇంకా కడుపులోనే ఉన్నది, కారానికి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. చివరకు ఆయాసపడుతూ, "ఇంకెంత తినాలెనే? కడుపు పలుగుతాంది. నువ్వన్న తిను, నన్నన్న ఇడువు!" అన్నది. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతోపాటే దుఃఖమూ వచ్చింది. అదే కంచంలో చేయి పెట్టాను.

ఆనాటినుంచి యుద్ధం ముగిసి మా భర్తలు ఇళ్లు చేరేవరకు, బంట్రోతు వెళ్లిపోయిన తరువాత పెద్దమ్మ మా గదులకు వచ్చేది. నా కంచంలోంచి ఒక ముద్ద, యశోద కంచంలోంచి ఒక ముద్ద. మేము మాటలు వినేవాళ్లం కాదు, ఆమె గొంతువైపు చూసేవాళ్లం. అది కదిలితే ఆ పూటకు మా పసుపుకుంకుమలు పదిలం. తెల్లవారి సద్ది తప్ప మరేదీ ముట్టని తన శనివారపు ఒక్కపొద్దులను సైతం ఈ ముద్దకోసం ఆమె మానుకున్నది. వదినె ప్రాణం తీసిన ఆ ఉపవాసాన్నే, చనిపోయిన అన్న పేరిట అంతవరకు విడవకుండా ఉంటూ వచ్చిందని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. మా ఇద్దరికోసం ఆమె మింగింది. ఆమె భర్త కూడా అక్కడే ఉన్నారు గదా, ఆమెకోసం ఎవరు మింగారు? తెల్లవారుజామున ఆ సద్దిని ఆమె ఒంటరిగానే మింగేది.

లింగయ్యగారు అందరికంటె ఆలస్యంగా వచ్చారు. పెట్టె దించకముందే గడపలో ఆమె అడిగిన మొదటి మాట "తిన్నవా?" అనే. "ఇన్నొద్దులకొస్తే గదేనా అడిగేది?" అని ఆయన వాకిలంతా వినిపించేలా నవ్వారు. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి, తలుపు చాటున చాలాసేపు నిలబడింది.

పుష్కరం దాటింది పెద్దమ్మ పోయి. ఆయాసంతో సూర్యాపేటలోనే దవాఖానలో ఉంటే, ఆమె కూతురూ నేనూ వంతులవారీగా ఉన్నాం. కాస్త తేరుకున్నదని వైద్యులు చెప్పడంతో, త్రిపురారంలో కూతురింటి ముందు ఆరబోసిన వడ్లు చూసుకోవడానికి పెద్దనాయన లింగయ్యగారు వెళ్లారు. మబ్బు పట్టింది, వడ్లు తడుస్తాయని పెద్దమ్మే తరిమింది. ఆ మరునాటి ఉదయం ఆమె కన్నుమూసింది. కూతురు ఏడుస్తూ ఫోను తీసింది. నేను ఆ చేయి పట్టుకున్నాను. "ఆయన తిన్నారో లేదో," అన్నాను. ఆ పిల్ల నన్ను చూసి, ఫోను పక్కన పెట్టింది. "నువ్వే పో అక్కా. అమ్మ ఉంటే గట్లనే జేసేటిది."

ఇంటికి పోయి అన్నం వండాను, పచ్చిపులుసు కలిపాను. డబ్బా ఒడిలో పెట్టుకొని కారెక్కాను. ఎవరో ఒకరు ఆయనకు ఫోను చేసి ఉంటారన్న భయం. డ్రైవరు సెల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. కాలువ గట్టు వెంట రోడ్డుమీద సగం మేర వడ్లు పోసి ఉన్నాయి. కారు నెమ్మదించిన ప్రతిచోటా ఆ వార్త నన్ను దాటి ముందుకు పోతున్నట్లే అనిపించింది.

పెద్దనాయన ప్లాస్టిక్ కుర్చీలో కర్ర పట్టుకొని కూర్చుండి కోళ్లను అదిలిస్తున్నారు. "ఏంది పంతులమ్మా, గింత దూరమొచ్చినవ్? ఆమెకెట్లున్నది?"

"చెబుతాను. పొద్దున ఏమైనా తిన్నారా?"

"ఛాయ దాగిన."

కంచంలో వడ్డించాను. ఆయన కలిపారు. ముద్ద ఎత్తి, నోటిదాకా తెచ్చి, ఆపారు. నన్ను చూశారు.

"నువ్వు గూడ తిను బిడ్డా. ఒక్క ముద్ద."

ఆ ముద్ద సంగతి పెద్దమ్మ ఆయనకు చెప్పి ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది మన్నులాగా నిలిచిపోయింది. నీళ్లు తాగాను, నీళ్లు దిగాయి, ముద్ద దిగలేదు. ఆనాడు మేము ఆమె గొంతువైపు చూసినట్లే ఆయన నా గొంతువైపు చూస్తున్నారు. వడ్లమీదికి కోళ్లు మళ్లీ వచ్చాయి. ఆయన అదిలించలేదు.

"ఆమె గూడ గీ ఒక్క అబద్ధం ఆడలేకపోయేది," అన్నారు చివరకు. "సరే. నన్ను తిననియ్యి. తిన్నంక చెప్పు."

ఆయన మెల్లగా, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు. మొదటి ముద్దకు సప్పగా ఉందని అనలేదు, రెండవసారి వడ్డిస్తే వద్దని అనలేదు. లేచి వాకిట్లో నేను పోసిన నీళ్లతో చేయి కడుక్కున్నారు. ఆ తడి చేతిని తానే నావైపు చాచారు.

రాస్తూ రాస్తూ పొద్దెక్కిన సంగతి గమనించలేదు. మావారు లోపలినుంచి కేకవేశారు: "పైకి పోలేదా ఇంకా? ఆ పిల్ల రెండుసార్లు మెట్లదాకా వచ్చిపోయింది." ప్రతిరోజూ సౌమ్య కంచంలోంచి ముందుగా ఒక ముద్ద తినే నా అలవాటును ఆయన, మా ఇంట్లో వడ్డించకముందే తినే పండితురాలినని ఎగతాళి చేస్తారు. నేనెందుకు తింటానో ఆ పిల్లకు చెప్పాను, ఆయనకు చెప్పలేదు.

మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కాను. సౌమ్య కంచం ముందు కూర్చుని ఉన్నది. ఫోను గ్లాసుకు ఆనించి ఉన్నది. పచ్చిపులుసుమీద ఉల్లిముక్కలు కదలకుండా తేలుతున్నాయి. నన్ను చూడగానే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది.

"ఇయ్యాల గింత లేటెందుకైంది అమ్మమ్మా? కింద మీకేమన్న ఫోనొచ్చిందా?"

"ఏదీ రాలేదు తల్లీ. రాసుకుంటూ కూర్చున్నాను."

ఆమె ఆ మాట నమ్మలేదు. నమ్మకూడదని నేనే నేర్పాను గదా. ఆమె చూపు నా నోటినుంచి గొంతుకు జారి అక్కడ నిలిచింది. నాకు నిజంగా ఏమీ తెలియదు. అయినా కంచంలోకి చేయి పెడుతూ, ముద్ద దిగుతుందా అని భయపడ్డాను. పెద్దమ్మ లాగానే నేను కూడా తెల్లవారగానే సద్ది తింటాను. ఏ వార్త వచ్చినా మొదట నా చెవిన పడాలని సౌమ్య అత్తవారికి మా నంబరే ఇచ్చాను. పెద్దమ్మనుంచి నేను పొందినది ధైర్యమని ఈ ఊరిలో అనుకుంటారు. కాదు, ఈ భయమే. ఏదో ఒకనాడు ఈ గొంతు నా మాట వినకపోవచ్చు, ఈ పిల్ల దానిని చూడవచ్చు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సౌమ్య ఊపిరి బిగబట్టింది.

ఈ పూటకు దిగింది.